పునీత ఇల్దెఫోన్సు చిత్రం: బ్రస్సెల్స్ నుంచి వియన్నాకు

వియన్నాలోని కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉన్న, పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు రూబెన్స్ గీసిన ‘ఇల్దెఫోన్సు బలిపీఠ చిత్రం’ చరిత్రలో దొంగతనం లేదు, యుద్ధకాలపు దోపిడీ కూడా లేదు. అయినప్పటికీ అది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియాతో కుదిరిన 1919 నాటి సెయింట్ జెర్మెయిన్ శాంతి ఒప్పందం అనుబంధంలోకి ఎక్కి, ముగ్గురు న్యాయకోవిదుల ముందు విచారణకు వచ్చింది. అమ్మినవారు, కొన్నవారు ఎవరో తెలిసిన చిత్రంపై కూడా వివాదం ఎందుకు పుట్టిందో తెలియాలంటే అది ఎవరికోసం తయారైందో ముందుగా చూడాలి.

ఇల్దెఫోన్సు ఏడో శతాబ్దంలో స్పెయిన్‌లోని తొలెదో నగరానికి అగ్రపీఠాధిపతి. మరియమాత నిత్యకన్యత్వాన్ని సమర్థిస్తూ ఆయన చేసిన రచనకు మెచ్చి, ఒక రాత్రి ఆమె స్వయంగా దేవాలయానికి దిగివచ్చి, ఆయన పీఠం మీదే కూర్చుని, పూజావస్త్రాన్ని బహూకరించిందని కథ. రూబెన్స్ మూడు పలకల చిత్రంలోని మధ్య పలక మీద ఆ క్షణాన్ని గీశాడు. నలుగురు పునీతురాళ్లు చుట్టూ నిలబడి ఉండగా మరియమాత వస్త్రాన్ని అందిస్తోంది, మోకరిల్లిన ఇల్దెఫోన్సు దాన్ని ముఖానికి దగ్గరగా తీసుకుంటున్నాడు. రెండు పక్క పలకల మీద దాతలు మోకరిల్లి ఉన్నారు. ఒకవైపు ఆర్చ్‌డ్యూక్ ఆల్బర్ట్, మరోవైపు ఆయన భార్య, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కుమార్తె ఇసబెల్లా. ఇద్దరి వెనుకా వారి వారి పాలక పునీతులు నిలబడి ఉన్నారు. భర్త 1621లో మరణించిన తర్వాత ఇసబెల్లా నిరాడంబరమైన సన్యాసిని వస్త్రాలే ధరించింది. చిత్రంలో మాత్రం ఆమె రాచదుస్తుల్లోనే కనబడుతుంది. పోయిన భర్త పక్కన పూర్వపు పాలకురాలిగానే కనిపించాలని ఆమె కోరుకుందేమోనని నాకు అనిపిస్తుంది.

పునీతుడి ఎంపిక వెనుక కూడా కుటుంబ చరిత్ర ఉంది. ఆల్బర్ట్ పెళ్లికి ముందు కార్డినల్‌గా ఉండి, ఇల్దెఫోన్సు ఏలిన తొలెదో పీఠానికే అగ్రపీఠాధిపతి అయ్యాడు. అంతకుముందు పోర్చుగల్‌లో రాజప్రతినిధిగా ఉన్నప్పుడు, లిస్బన్‌లో కొలువు ఉద్యోగుల కోసం ఈ పునీతుడి పేరిట ఒక సహోదర సంఘాన్ని స్థాపించాడు. దక్షిణ నెదర్లాండ్స్ (దాదాపు నేటి బెల్జియం) పాలకుడిగా వచ్చాక ఆ సంఘం బ్రస్సెల్స్ రాజభవనం పక్కనున్న కూడెన్‌బెర్గ్ సెయింట్ జేమ్స్ మఠ దేవాలయంలో కొనసాగింది. భర్త జ్ఞాపకార్థం ఆ సంఘపు బలిపీఠం కోసమే ఇసబెల్లా ఈ చిత్రాన్ని గీయించింది. స్పెయిన్, ఇంగ్లండ్‌లలో రాయబారం ముగించుకుని వచ్చిన రూబెన్స్ 1630, 1632 మధ్య దీన్ని పూర్తిచేశాడు. ఆమె 1633లో కన్నుమూసింది.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతం స్పెయిన్ నుంచి ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్‌ల చేతికి వచ్చింది. 1731లో కూడెన్‌బెర్గ్ రాజభవనం తగలబడింది. 1776లో మఠ దేవాలయ పునర్నిర్మాణం మొదలైంది. ఆ సంవత్సరాల్లోనే మఠం చిత్రాన్ని మహారాణి మరియా తెరీసాకు అమ్మివేయగా, 1777 నాటికి అది వియన్నా చేరింది. ఆంట్వెర్ప్ జెస్యూట్ దేవాలయంలోని రూబెన్స్ చిత్రాలు రెండు కూడా ఆ రోజుల్లోనే, పోపు జెస్యూట్ సంఘాన్ని 1773లో రద్దు చేసిన దరిమిలా, వియన్నాకే తరలిపోయాయి. వాటిలో ఒకటి గోవాలో సమాధి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ అద్భుతాలను చూపేది. ఇల్దెఫోన్సు చిత్రం బ్రస్సెల్స్‌లోనే ఉండిపోయి ఉంటే 1794లో ఫ్రెంచి సైన్యాలు ఆంట్వెర్ప్‌లోని రూబెన్స్ చిత్రాలతో పాటు దాన్నీ ప్యారిస్‌కు ఎత్తుకుపోయేవన్న వాదనను కొట్టిపారేయలేం.

బెల్జియం అనే దేశమే 1830లో ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా ఓడిన తర్వాత బెల్జియం పాత లెక్కలు తీసింది. ఒప్పందంలోని 195వ అధికరణం ప్రకారం నష్టపరిహార కమిషన్ నియమించిన ముగ్గురు న్యాయకోవిదులు, ఈ చిత్రాన్ని తరలించడంలో ఆనాటి ప్రాంతాల హక్కులకు భంగం కలిగిందా అన్నది తేల్చాలి. గోల్డెన్ ఫ్లీస్ వీరసంఘపు నిధిని కూడా బెల్జియం ఇదే జాబితాలో అడిగింది. 1921లో కమిటీ రెండింటి విషయంలోనూ ఆస్ట్రియా పక్షానే నిలిచింది.

ఈ తీర్పును ఒంటరిగా చూస్తే సబబుగానే తోస్తుంది. కానీ అదే బెల్జియానికి అంతకుముందే జర్మనీ విషయంలో దక్కిన ఫలితం వేరు. ఘెంట్ బలిపీఠ చిత్రపు పక్క పలకలు 1816లో అమ్ముడుపోయి, చేతులు మారి, 1821లో ప్రష్యా రాజు చేతికి చేరాయి. అదీ కొనుగోలే. అయినా జర్మనీతో కుదిరిన వెర్సాయ్ ఒప్పందం 247వ అధికరణం వాటిని తిరిగి ఇమ్మని నేరుగా ఆదేశించింది. యుద్ధంలో లూవెన్ గ్రంథాలయాన్ని తగలబెట్టినందుకు పుస్తకాల పరిహారం కూడా ఆ అధికరణంలోదే, అంటే పలకలు కూడా యుద్ధనష్టానికి పరిహారం కిందకే వచ్చాయి కాబట్టి, అక్కడ అమ్మకం చెల్లుతుందా అన్న ప్రశ్నే రాలేదు. ఆస్ట్రియా విషయంలో ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. ఒక సంఘం ప్రార్థన కోసం, ఒక వితంతువు తన భర్త జ్ఞాపకార్థం చేయించిన వస్తువును మఠం అమ్ముకోవడం ఉచితమేనా అని అడిగే అధికారం ఆ న్యాయకోవిదులకు లేదు. వారి నివేదికపై కమిషన్ తీసుకునే నిర్ణయానికి కట్టుబడతామని బెల్జియం ఒప్పందంలోనే ఒప్పుకుని ఉండడంతో, దావా అక్కడితో ముగిసింది.