కోడలు ఎస్టీ, ఇల్లు ఓబీసీ

మరాఠాలకు ఓబీసీల్లోని కున్బీ కులం సర్టిఫికెట్ల కోసం 2025 సెప్టెంబరు 2న మహారాష్ట్ర ప్రభుత్వం కులాల వివరాలున్న నిజాం కాలపు హైదరాబాద్ గెజిట్‌ను ఒప్పుకుంటూ జీవో ఇచ్చింది. అదే గెజిట్ చూపించి అక్కడి బంజారాలు, అంటే మన లంబాడీలే, ఎస్టీ హోదా అడిగారు. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది: ఆరోగ్య సర్వేలో తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దు లంబాడీ ఆడవాళ్లను ఏ కులం కింద లెక్కవేయాలి?

1956లో కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ నుంచి విడిపోయి నాందేడ్‌లో కలిసిన కథ ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అసలు ముడి 1976లో పడింది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలయ్యారు. ఇరవై ఏళ్ల ముందే మహారాష్ట్ర వైపు పోయిన తండాలకు అది అందలేదు. అక్కడ వాళ్లు రాష్ట్ర జాబితాలో విముక్త జాతి, కేంద్ర జాబితాలో ఓబీసీ. పెళ్లి సంబంధాలకు మాత్రం ఏ జాబితా అడ్డం రాలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కులం రెండుసార్లు అడుగుతుంది. ఇంటి ప్రశ్నావళిలో ఇంటి పెద్ద కులం, మహిళల ప్రశ్నావళిలో ఆమె కులం. వసారాలో మంచం మీద కూర్చున్న మామ ‘ఓబీసీ’ అంటాడు. లోపల విడిగా అడిగితే ఆదిలాబాద్ నుంచి వచ్చిన కోడలు ‘ఎస్టీ’ అంటుంది. పుట్టింట్లో ఉన్న సర్టిఫికెట్ అదే మరి. సర్వేవాళ్లు కాగితం చూపించమనరు. తర్వాత ఆఫీసులో క్లస్టర్ (సర్వేకు ఎంచుకున్న ఊరు లేదా వార్డు) నంబరు, ఇంటి నంబరు, ఇంటి జాబితాలో ఆమె లైన్ నంబరు పట్టుకుని రెండు ఫైళ్లూ కలిపితే ఒకే మనిషికి రెండు కులాలు తేలతాయి.

ఇంటి ఫైలులోని కులమే ఉంచాలనేవాళ్ల చేతిలో 1990 నాటి సుప్రీంకోర్టు తీర్పుంది: ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదు. నిజమే, సీటుకో ఉద్యోగానికో అది చెల్లదు. కానీ సర్వే ఇచ్చేది సర్టిఫికెట్ కాదు కదా. పైగా వయసు దగ్గర వీళ్లే వేరే పద్ధతి పాటిస్తారు. అత్త పంతొమ్మిదని చెప్పి, పిల్ల పదిహేడంటే పిల్ల మాటే తీసుకుంటారు, పుట్టిన నెల, ఏడాది ఆమెనే అడిగారు కాబట్టి. వయసుకు ఆమె మాట, కులానికి మామ మాట!

పుట్టింటికి కాన్పుకొచ్చిన కూతురిది ఇంకో చిక్కు. సర్వేకు ముందు రాత్రి అక్కడే పడుకుంటే ఆమె ఆ ఇంటి లెక్కలోకే వస్తుంది. ఆ ఇంటి ఆస్తిపాస్తులే ఆమెవీ అవుతాయి.

2015-16లో ఈ సర్వే నాలుగో విడత 640 జిల్లాలకు విడివిడిగా అంకెలు ఇచ్చేదాకా ఇవేవీ పైకి కనబడలేదు. రాష్ట్రం మొత్తంలో పదిమంది కోడళ్లు అటో ఇటో అయినా తెలియదు. ఒక్క జిల్లాలో ఎస్టీ మహిళల రక్తహీనత అంటే పట్టికలో ఆ గడి చిన్నది, పదిమంది మారినా ఎక్కువే. ఏ ఫైలులోని కులం వాడారో పట్టిక కింద రాయకుండా నాందేడ్, ఆదిలాబాద్ ఎస్టీ అంకెలు పక్కపక్కన పెడితే, అటొకరు ఇటొకరు పెళ్లయి వెళ్లిన అక్కాచెల్లెళ్లలో ఒకరు ఎస్టీ లెక్కలో ఉంటారు, ఇంకొకరు ఉండరు.