ప్రాధాన్య ఓట్ల లెక్కింపు వివాదాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో న్యాయవాదిగా ఎన్నికల వ్యాజ్యాలు చూస్తున్న నా దగ్గరకు, శాసనమండలి ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ దాదాపు అవే అనుమానాలతో మనుషులు వస్తారు. పట్టభద్రులూ ఉపాధ్యాయులూ మండలికి వేసే ఓటు, అసెంబ్లీ ఎన్నికల్లో ఈవీఎం మీద నొక్కే ఓటు లాంటిది కాదు. రాజ్యాంగంలోని 171(4) అధికరణం మండలికీ, 80(4) అధికరణం రాజ్యసభకూ నైష్పత్తిక ప్రాతినిధ్యంతో కూడిన ఏక ఓటు బదిలీ పద్ధతిని నిర్దేశించాయి. అంటే ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ప్రాధాన్యాలు వేస్తారు, అవసరమైతే ఆ ఓటు తర్వాతి ప్రాధాన్యం ఉన్న అభ్యర్థికి బదిలీ అవుతుంది. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం ఓట్లను మన స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో లెక్కించినప్పుడు, ఫలితం తేలడానికి రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లవలసి వచ్చింది. ఈ పద్ధతిలో ప్రతి రౌండూ ముందు రౌండు మీద ఆధారపడుతుంది కనుక, తప్పు ఏ దశలో జరిగిందో చూపలేని ఫిర్యాదుకు కోర్టులో బలం ఉండదు.

అపోహ: మా అభ్యర్థికి రెండో ప్రాధాన్య ఓట్లు చాలా పడ్డాయి, వాటిని లెక్కించకుండా వదిలేశారు.

వాస్తవం: ఒకే స్థానం ఉన్న ఎన్నికలో, పోటీ నుంచి తొలగించిన అభ్యర్థి కట్టలోని పత్రాల మీద మాత్రమే తర్వాతి ప్రాధాన్యం చూస్తారు. చివరిదాకా బరిలో నిలిచిన ఇద్దరి కట్టల్లో 2 అంకె ఎవరి పేరు ఎదుట ఉందో లెక్కలోకి రానే రాదు. తొలగించిన అభ్యర్థి పత్రం మీద తర్వాతి అంకె లేకపోయినా, 2 వదిలేసి 3 వేసినా, ఆ పత్రం బదిలీకి పనికిరాక పక్కకు పోతుంది తప్ప, మొదట పడిన ఓటు చెల్లనిది కాదు. నేరుగా గెలవడానికి కావలసిన ఓట్ల సంఖ్యే కోటా. దాన్ని, చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలి, ఒకటి కలిపి మొదట్లోనే నిర్ణయిస్తారు. పత్రాలు పక్కకు పోతున్న కొద్దీ అది తగ్గదు. అందువల్ల ఎవరికీ కోటా రాకుండా ఒక్కరే మిగిలే సందర్భం రావచ్చు, అప్పుడు ఆ మిగిలినవారే విజేత. కోటా చేరలేదు కాబట్టి ఎన్నిక రద్దు చేయాలన్న వాదనతో వచ్చినవారిని నేను మొదటి రోజే వెనక్కి పంపిస్తాను.

అపోహ: ఒకటి రెండు ఓట్లు చెల్లకపోతే ఫలితానికి వచ్చే నష్టమేమీ లేదు.

వాస్తవం: ఈ అపోహ మీదే నాకు ఎక్కువ పట్టింపు ఉంది. 2017 ఆగస్టు 8న గుజరాత్‌లో మూడు రాజ్యసభ స్థానాలకు 176 మంది ఎమ్మెల్యేలు ఓటు వేశారు. ఇద్దరు తమ పత్రాలను, ఓటు చూసేందుకు పార్టీ నియమించిన అధీకృత ఏజెంటుకు కాక ఇతరులకు చూపించారని ఎన్నికల సంఘం ఆ రెండు ఓట్లను తిరస్కరించింది. ఒకటి కంటే ఎక్కువ స్థానాలున్నప్పుడు ఒక్కో పత్రం విలువ 100. మిగిలిన 174 పత్రాల విలువ 17,400. దాన్ని నాలుగుతో భాగించి ఒకటి కలిపితే కోటా 4,351. కాంగ్రెస్ అభ్యర్థి అహ్మద్ పటేల్‌కు 44 ఓట్లు, అంటే 4,400 వచ్చాయి కనుక ఆయన నెగ్గారు. ఆ రెండు ఓట్లు ప్రత్యర్థి ఖాతాలో చెల్లి ఉంటే కోటా 4,401 అయ్యేది. అంటే పటేల్‌కు ఒక్క పాయింటు తగ్గేది, గెలిచిన ఇతరులకు కోటా మించి పడిన మిగులు ఓట్ల బదిలీ దాకా లెక్కింపు సాగేది. ఓడిన అభ్యర్థి గుజరాత్ హైకోర్టుకు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ఆస్ట్రేలియాలో 2013 సెనెట్ ఎన్నిక ఇంతకంటే తీవ్రమైన పాఠం నేర్పింది. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో పోటీ నుంచి తొలగింపు క్రమంలో రెండు చిన్న పార్టీల మధ్య తేడా మొదటి లెక్కింపులో 14 ఓట్లు, తిరిగి లెక్కించినప్పుడు అది తారుమారై 12 ఓట్లు. ఆ రెండింటిలో ఎవరు ముందు తప్పుకుంటారన్న దాన్ని బట్టి చివరి రెండు స్థానాల విజేతలే మారిపోయారు. అంతలో 1,370 బ్యాలెట్ పత్రాలు కనబడకుండా పోయాయని తేలింది. అక్కడి హైకోర్టు ఎన్నిక రద్దు చేయగా, 2014 ఏప్రిల్ 5న ఆ రాష్ట్రమంతా మళ్లీ ఓటు వేసింది.

అపోహ: ఎవరికి వేశామో అర్థమైతే చాలు, ఎలా రాసినా ఓటు చెల్లుతుంది.

వాస్తవం: అంకె మాత్రమే వేయాలి. అది మామూలు 1 కావచ్చు, రోమన్ అంకె కావచ్చు, మన తెలుగు ౧ కూడా కావచ్చు. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే ఓటు పోతుంది. టిక్కు పెట్టినా, ఇద్దరి ఎదుట 1 వేసినా, ఓటరు ఎవరో తెలిసిపోయే సంతకం లాంటి గుర్తు ఉన్నా అంతే. పెన్ను కూడా అధికారులు ఇచ్చినదే వాడాలి. 2016లో హరియాణా రాజ్యసభ ఎన్నికలో వేరే పెన్ను వాడారన్న కారణంతో పదికి పైగా ఓట్లు తిరస్కరణకు గురై, వివాదం కోర్టుకెక్కింది.

అపోహ: ఓట్లు సమానమైతే, చీటీలో పేరు వచ్చినవారే గెలుస్తారు.

వాస్తవం: 2024 ఫిబ్రవరిలో హిమాచల్ రాజ్యసభ స్థానానికి 34-34 ఓట్లు పడ్డాయి, కోటా 35. ఈ పద్ధతిలో ఎవరిని తొలగించాలన్నదే చీటీతో తేలుస్తారన్న నియమాన్ని అనుసరించడంతో, పేరు వచ్చిన అభిషేక్ సింఘ్వీ ఓడిపోయారు. ఆయన ఆ నియమ వ్యాఖ్యానాన్నే హైకోర్టులో ప్రశ్నించారు.

అపోహ: అనుమానం ఉంటే కోర్టు పత్రాలన్నీ తెప్పించి తిరిగి లెక్కిస్తుంది.

వాస్తవం: ఓటు రహస్యాన్ని కాపాడాలి కనుక, బ్యాలెట్ పత్రాల తనిఖీకి స్పష్టమైన వాస్తవాలూ ప్రాథమిక ఆధారమూ ఉండాలని 1964 నాటి రామ్ సేవక్ యాదవ్ తీర్పు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఒకసారి ఒక ఉపాధ్యాయుడు తన తరఫున లెక్కింపు గమనించిన ఏజెంట్ల నోటు పుస్తకాలు రెండు తెచ్చారు. మొదటి పుస్తకంలో 'చాలా ఓట్లు అన్యాయంగా తీసేశారు' అని ఒకే వాక్యం ఉంది. రెండో దాంట్లో టేబుల్ నంబరు, రౌండు, తిరస్కరించిన కారణం, అభ్యంతరం చెప్పిన సమయం వరుసగా ఉన్నాయి. ఒక చోట '1 గీత కొద్దిగా వంగింది, 7 అంటున్నారు' అని రాసి, ఆ అంకెను ఉన్నదున్నట్టు పక్కన గీసి ఉంది. పిటిషన్‌కు పనికొచ్చింది ఆ రెండో పుస్తకమే.

తిరిగి లెక్కించమని అడిగే అవకాశం కూడా బదిలీ మొదలయ్యే ముందు, లేదా అది పూర్తయ్యాక, ఆ దశలోనే ఉంటుంది. అంతకు ముందు బదిలీలో పూర్తయిపోయాయని పక్కన పెట్టిన పత్రాలను తర్వాత అడిగినా తీయరు. అందుకే ఏజెంట్లను ఎంచుకునేటప్పుడు రాత్రంతా మేలుకుని రాయగలిగినవారినే పెట్టుకోమని నేను బతిమాలి చెబుతాను.

అపోహ: గెలిచినవారు పిటిషన్‌కు జవాబు ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఓడినవారు ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా అమరావతిలోని హైకోర్టులో పిటిషన్ వేయాలి. అందులో ఎన్నిక రద్దుతో పాటు తననే గెలిచినట్టు ప్రకటించమని కోరితే, పిటిషనర్‌కు పడిన ఓట్లలోనూ చెల్లనివి ఉన్నాయని చూపదలచిన విజేత, విచారణ మొదలైన 14 రోజుల్లోగా ప్రజాప్రాతినిధ్య చట్టం 97వ సెక్షన్ కింద ప్రత్యేకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఇవ్వని విజేత తరఫున, పిటిషనర్ కట్టలోని ఒక్క పత్రాన్ని కూడా ప్రశ్నించే వీలు నాకు ఉండదు.