బ్యాటరీ కాదు, తీగ చూడండి

చిన్నోడికీ, బుజ్జితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ పోటీపడి చెప్పిందంతా విన్నాను. మీరు చేసిన ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్ హాల్లో బాగానే పలుకుతోంది, రేడియో పట్టుకుని పెరట్లోకి వెళ్తే మాత్రం గుర్రుమంటోంది. దాంతో 9 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి తగిలించారు. లోపల సిగ్నల్ పుట్టించే బుల్లి ముక్క ఉంటుందే, ఆ ట్రాన్సిస్టర్, దానిమీద చెయ్యి పెడితే కాలింది, స్టేషను ఎక్కడికో జరిగిపోయింది. అంతేగా?

నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసినవాడిని, నేనూ ఆ పని చేశాను కాబట్టి తిట్టను. కానీ లెక్క వినండి. అడ్డం లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. అంత బరువు ఆ చిన్న ట్రాన్సిస్టర్ మొయ్యదు. ముందు రెండో బ్యాటరీ తీసెయ్యండి.

ఫొటోలో మీ ఏరియల్ చూశాను. జానెడు వైరు, అదీ పెన్సిలుకి చుట్టారు. అసలు తప్పు అక్కడుంది. రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. మీ ఎఫ్ఎం పలికే చోటు 100 మెగాహెర్ట్జ్ అనుకుందాం, అంటే సెకనుకు 10 కోట్ల ఊపులు. భాగిస్తే ఒక్కో తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, 75 సెంటీమీటర్లు, ఏరియల్‌కి కుదిరే పొడవు. నిజంగా తీగ కత్తిరించేటప్పుడు కాస్త తగ్గించి 71, 72 దగ్గర ఆపుతాం. చుట్టకుండా నిటారుగా నిలబెట్టండి. రేడియో ఏరియల్ కూడా నిటారుగానే ఉండాలి. ఒకటి నిలబడి ఇంకొకటి పడుకుంటే సిగ్నల్ బాగా పడిపోతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది మరిచిపోతారు. పైకి వెళ్లే తీగ సగమే. మిగతా సగంగా అంతే పొడవు తీగ ఇంకొకటి బ్యాటరీ మైనస్ దగ్గర అతికించి కిందికి వేలాడదియ్యండి. అది లేకపోతే దాని పని మీ చెయ్యి, బ్యాటరీ వైర్లు చేస్తుంటాయి. మీరు పట్టుకుంటే పలికి, బల్లమీద పెడితే మూగబోయేది అందుకే.

కొత్త తీగ తగిలించగానే స్టేషను మళ్లీ జరుగుతుంది, కంగారుపడకండి. తీగని నేరుగా ట్రాన్స్‌మీటర్‌లోని కాయిల్‌కి, అదే ఆ తీగ చుట్టకి, అతికించకుండా మధ్యలో నాలుగైదు పికోఫారడ్ల చిన్న సిరామిక్ కెపాసిటర్ పెడితే ఆ జారుడు తగ్గుతుంది. స్టేషన్ని సరిచేసే ట్రిమ్మర్ తిప్పడానికి ఇనప స్క్రూడ్రైవర్ వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. ఇనుము దగ్గరికొస్తేనే ట్యూనింగ్ మారిపోతుంది.

ఇనుమంటే గుర్తొచ్చింది. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు, ఇనుము ఎంత ఎక్కువుంటే అంత దూరం పోతుందనుకుని ఏరియల్ తీగ తీసుకెళ్లి కిటికీ గ్రిల్లుకి కట్టాను. పక్కగదిలో కూడా వినపడలేదు! కాబట్టి గ్రిల్లుకీ, బీరువాకీ, కడ్డీలున్న గోడకీ ఎడంగా, కాస్త ఎత్తులో పెట్టండి.

ఎత్తు అనగానే డాబా ఎక్కుతారని తెలుసు. వద్దు. బీహార్ వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో ఒక కుర్రాడు రిపేరు షాపులో చేసుకున్న ట్రాన్స్‌మీటర్‌తో, మూడంతస్తుల మేడమీద వెదురు గడకి ఏరియల్ కట్టి చుట్టుపక్కల ఊళ్లకి పాటలు వినిపించాడు. జనానికి తెగ నచ్చింది. లైసెన్సు లేదని 2006లో అధికారులు మూసేయించారు. నాకు బాధే అనిపించింది, కానీ చట్టం చట్టమే. పైగా 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాలు వాడే బ్యాండు మొదలవుతుంది. సరిగా లేని ట్రాన్స్‌మీటర్ ఎక్కడ అరుస్తుందో మనకి తెలియదు. లైసెన్సుతో చేస్తే దారి ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15 నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద వస్తోంది.

మనకి ఇంటి ప్రహరీ చాలు. స్టేషన్లేవీ లేని ఖాళీ చోటు చూసుకోండి, పనైపోగానే బ్యాటరీ తీసెయ్యండి. ఇంకా చాలకపోతే పంపే డబ్బాని వదిలేసి రేడియో వైపు చూడండి. దాని ఏరియల్ పూర్తిగా లాగి, గోడకి ఎడంగా జరిపి వినండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దూరదర్శన్ కొత్తలో నేను డాబా మీద ఏరియల్ తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే, కింద నుంచి మీ నాయనమ్మ "చుక్కలే!" అనేది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ డబ్బా తెండి. మీరు హాల్లో, నేను నా పాత రేడియోతో పెరట్లో జామచెట్టు కింద. ఈసారి అరవడం మీ వంతు.

మీ తాతయ్య