పదివేల డాలర్ల కెల్లీ

చిరంజీవులు నానికి, బుజ్జికి, మిగతా మనవలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న క్రికెట్ వేలం చూస్తూ నాని ఫోనులో ఒక ప్రశ్న వేశాడు: "తాతయ్యా, ఎవరో కొనుక్కున్నారు సరే, ఆ జట్టుకు వెళ్లనని ఆటగాడు అంటే?" మంచి ప్రశ్న. అదే మాట మీద అమెరికాలో 140 ఏళ్ల క్రితం పెద్ద రభస జరిగింది. అది కూడా, ఒహాయోలో బుజ్జి ఆదివారాలు ఆడుతున్న బేస్‌బాల్‌లోనే. ఫోనులో చెప్తే మీరు సగంలో పారిపోతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ కాలపు ఆట ఎలా ఉండేదో తెలియాలి. 1870లలో బంతిని ఉత్త చేతులతో పట్టేవారు. బ్యాటు పట్టినవాడి వెనక, అంటే మన వికెట్ కీపర్ చోట, క్యాచర్ అనేవాడు నిలబడతాడు. వాడికి గ్లౌజుల్లేవు, ముఖానికి తొడుగు లేదు, కాళ్లకు ప్యాడ్లు లేవు. పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, నడుము కిందినుంచే విసరాలని నియమం ఉన్నా, 45 అడుగుల దూరం నుంచి వచ్చే బంతి ఆ వేళ్లను ఏం చేసేదో ఊహించుకోండి. ఆనాటి క్యాచర్ల వేళ్లు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉండేవి. 1875లో చార్లీ వెయిట్ అనే ఆటగాడు ఒక పలచని తోలు గ్లౌజు వేసుకుని మైదానంలోకి వచ్చాడు. దాని రంగేమిటో తెలుసా? ఒంటి రంగు, చూసేవాళ్లకు కనబడకూడదని. చేతికి రక్షణ వెతుక్కోవడం పిరికితనం అనుకునే రోజులవి. రెండేళ్లు తిరగకుండా ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే పేరున్న పిచర్ అందరికీ కనబడేలా నల్ల గ్లౌజు వేసుకున్నాడు. ఆయనకు అప్పటికే ఆట సామాన్ల దుకాణం ఉంది, గ్లౌజులూ అమ్ముకున్నాడు. ఈ స్పాల్డింగ్ మళ్లీ వస్తాడు, పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. మొదట్లో ఇది పెద్దమనుషుల కాలక్షేపం, ఆడినందుకు డబ్బు తీసుకోవడం నామోషీ. పైకి మాత్రమే లెండి, చాటుగా అందరూ ఇచ్చేవారే. 1867లో వాషింగ్టన్ జట్టు జార్జ్ రైట్ అనే కుర్రవాణ్ని తెచ్చుకుని, ప్రభుత్వ గుమాస్తా అని రాసుకుంది. వాళ్లు రాసిన ఆఫీసు చిరునామాకు వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది పార్కు! నేనూ గుమాస్తాగానే పనిచేశాను, నాకు అలాంటి ఆఫీసు దొరకలేదు.

ఈ దొంగచాటు వ్యవహారానికి స్వస్తి చెప్పింది సిన్సినాటి ఊరు. 1869లో అక్కడి రెడ్ స్టాకింగ్స్ జట్టు, మా వాళ్లందరికీ జీతాలిస్తున్నాం అని బాహాటంగా ప్రకటించింది. జట్టును నడిపిన హ్యారీ రైట్ ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టాడు. తండ్రి జీతానికి క్రికెట్ ఆడినవాడు, కాబట్టి ఆట ఒక వృత్తి అన్న ఆలోచన ఆ ఇంట్లో కొత్తది కాదు. హ్యారీకి 1,200 డాలర్లు. తమ్ముడు జార్జ్‌కు, ఆ పార్కు గుమాస్తాకే, 1,400. మామూలు ఆటగాళ్లకు 800. ఈ జీతాలు మార్చి 15 నుంచి నవంబరు 15 వరకు ఎనిమిది నెలలకు. వాళ్లంతా ఎవరనుకున్నారు? ఇద్దరు టోపీలు చేసేవాళ్లు, ఒకడు పాలరాయి చెక్కేవాడు, ఒకడు పియానోలు తయారు చేసేవాడు. చేతిపని చేసుకునే కుర్రాళ్లు ఆటతో బతకగలిగారు! ఆ ఏడాది వాళ్లు ఒక్క ఆటా ఓడలేదు. అప్పుడే పూర్తయిన రైలు మార్గం మీద శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి ఆడివచ్చారు. 1870 జూన్‌లో బ్రూక్లిన్‌లో 8-7 తేడాతో మొదటిసారి ఓడారు. ఓడాక జనం తగ్గారు, డబ్బు తగ్గింది, జట్టు చెదిరిపోయింది. కానీ దారి పడింది. 1876లో నేషనల్ లీగ్ పుట్టింది. అది ఇప్పటికీ ఉంది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. జీతాలు మొదలైతే మంచి ఆటగాడు ఏం చేస్తాడు? ఎక్కువ ఇచ్చే జట్టుకు పోతాడు. ఏటా ఒప్పందం అయిపోగానే బేరం. యజమానులకు ఇది కంటగింపైంది. 1879 సెప్టెంబరులో బఫలో నగరంలో కూడి లోపాయికారీగా ఒక కట్టుబాటు చేసుకున్నారు. ప్రతి జట్టూ తన ఆటగాళ్లలో ఐదుగురి పేర్లు రాసి ఇస్తుంది, ఆ ఐదుగురినీ మిగతా జట్లు ముట్టుకోవు. దీన్ని రిజర్వ్ నియమం అన్నారు. మొదట్లో కొందరు ఆటగాళ్లు దీన్ని గౌరవంగా భావించారు పాపం, మేము అంత విలువైనవాళ్లం అని! తర్వాత ఐదు పదకొండైంది, 1887కు పద్నాలుగైంది. అంటే ఇంచుమించు జట్టు మొత్తం.

ఇది మీకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు పాలేర్లు ఉగాదికి ఉగాదికి జీతం మాట్లాడుకునేవారు. కుదిరితే అక్కడే, కుదరకపోతే ఇంకో రైతు దగ్గర. ఊళ్లో రైతులంతా ఏకమై "ఫలానావారి పాలేరును మనలో ఎవ్వరం పనిలో పెట్టుకోవద్దు" అనుకుంటే ఏమవుతుంది? ఉగాది వస్తుంది, పోతుంది. అతను మాత్రం అక్కడే ఉంటాడు, ఇచ్చినంత పుచ్చుకుంటాడు. బేస్‌బాల్‌లో జరిగింది ఇదే. నానీ, నీ ప్రశ్నకు అప్పటి జవాబు ఇది: వెళ్లనంటే, ఉండనంటే, ఇంట్లో కూర్చోవాలి. ఈనాటి వేలానికి ఆటగాడు తానే పేరు ఇచ్చుకుంటాడు, పలికిన ధర అతనికే జీతంగా ముడుతుంది. ఆనాడు అమ్మితే డబ్బు యజమానికి.

ఈ కట్టు ఎంత బిగువుగా ఉండేదో చెప్పడానికి చార్లెస్ రాడ్‌బోర్న్ చాలు. ప్రావిడెన్స్ జట్టు పిచర్, ఒక కసాయి కొడుకు. 1884 జూలైలో ఆ జట్టు రెండో పిచర్ తగాదా పడి వెళ్లిపోయాడు. రాడ్‌బోర్న్ యజమానులతో, మిగిలిన ఆటలన్నీ నేనే లాక్కొస్తాను, బదులుగా అదనపు జీతం ఇవ్వండి, ఏడాది చివర నన్ను రిజర్వ్ నుంచి వదిలేయండి అన్నాడు. చూశారా, అంత గొప్ప పిచర్ చేయి పణంగా పెట్టి అడిగినది ఒక విడుదల కాగితం! అన్నట్టే దాదాపు రోజు విడిచి రోజు, కొన్నిసార్లు రోజూ విసిరాడు. ఆ ఒక్క ఏడాదిలో 678 ఇన్నింగ్స్ పైగా (ఒక ఆటకు మామూలుగా తొమ్మిది) విసిరి 59 విజయాలు సాధించాడు. ఈ కాలంలో 20 విజయాలు వస్తే పండగ చేసుకుంటారు. ఉదయం లేస్తే తల దువ్వుకోవడానికి చేయి లేచేది కాదట. జట్టు ఛాంపియన్ అయింది. అంతా అయ్యాక జీతం పెంచితే మళ్లీ అదే జట్టుకు సంతకం పెట్టాడు. విచిత్రంగా లేదూ? నాకేమీ విచిత్రం అనిపించదు. వెళ్లగలిగీ ఉండిపోవడం వేరు.

ఇప్పుడు కెల్లీ. మైక్ కెల్లీ షికాగో జట్టులో ఆడేవాడు. అందగాడు, తాగుబోతు, పరుగెత్తుతూ కింద జారి బేస్ (పరుగు తీసేవాడు చేరాల్సిన గుర్తు) అందుకోవడంలో అతణ్ని మించినవాడు లేడు. అతన్ని చూడటానికే జనం టిక్కెట్లు కొనేవారు. 1887 ఫిబ్రవరిలో స్పాల్డింగ్ అతణ్ని బోస్టన్‌కు 10,000 డాలర్లకు అమ్మాడు. గ్లౌజుల స్పాల్డింగే, అప్పటికి షికాగో జట్టు యజమాని అయ్యాడు. ఆ పదివేలూ షికాగో ఖాతాకే వెళ్లాయి. అప్పట్లో ఎవరికీ 2,000 డాలర్లకు మించి జీతం ఇవ్వకూడదని యజమానులు తమలో తాము గీత గీసుకున్నారు. బోస్టన్‌వారు గీత దాటకుండానే దాటారు: జీతం 2,000, కెల్లీ ఫొటో వాడుకున్నందుకు మరో 3,000! నియమాలు చేసినవాళ్లకే వాటి కంతలు బాగా తెలుసు.

ఈ అన్యాయాన్ని కాగితం మీద పెట్టినవాడు జాన్ మాంట్‌గోమరీ వార్డ్. ఇరవై ఏళ్లకే, 1880లో, ప్రత్యర్థి ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా ఆట మొత్తం విసిరిన పిచర్. తర్వాత కుడి చేయి దెబ్బతింటే ఎడమ చేత్తో విసరడం నేర్చుకుని ఔట్‌ఫీల్డులో ఆడాడు. ఆ పైన షార్ట్‌స్టాప్ అయ్యాడు. ఆటలాడుతూనే కొలంబియాలో 1885లో న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నాడు. అదే ఏడు న్యూయార్క్‌లో తొమ్మిదిమంది ఆటగాళ్లతో బ్రదర్‌హుడ్ అనే సంఘం పెట్టాడు. ఆటగాళ్ల మొదటి యూనియన్ అదే. 1887లో ఒక పత్రికలో రాస్తూ, బేస్‌బాల్ ఆటగాడు సొత్తా, మనిషా అని అడిగాడు. పారిపోయిన బానిసను పట్టి తెచ్చే పాత చట్టం లాంటిదే ఈ రిజర్వ్ నియమం అన్నాడు. అమెరికాలో బానిసత్వం పోయి అప్పటికి 22 ఏళ్లే.

యజమానులూ తక్కువ తినలేదు. 1888 చలికాలంలో స్పాల్డింగ్ రెండు జట్లను ప్రపంచ యాత్రకు తీసుకెళ్లాడు. ఆస్ట్రేలియా, మన పక్కనున్న సిలోను, ఈజిప్టు, ఐరోపా. పిరమిడ్ల దగ్గర కూడా ఆడారు. వార్డ్ ఆ యాత్రలో ఉన్నాడు. అతను సముద్రాల మీద ఉండగా అమెరికాలో యజమానులు కొత్త పద్ధతి తెచ్చారు: ఆటగాళ్లను ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులుగా విభజించి, పై తరగతికి 2,500, కింది తరగతికి 1,500 డాలర్లు. తరగతి నిర్ణయించేది ఆట ఒక్కటే కాదు, నడవడిక కూడా. అంటే ఎదురు మాట్లాడితే తరగతి దిగుతుందన్నమాట. ఇలాంటి రహస్య నివేదికల సంగతి నన్నడగండి, నా ఉద్యోగమంతా వాటి కిందే గడిచింది.

వార్డ్ తిరిగొచ్చి చర్చలకు పిలిస్తే యజమానులు కదల్లేదు. దాంతో 1890లో ఆటగాళ్లు తమ సొంత లీగ్ పెట్టుకున్నారు. ఎనిమిది జట్లు, పాలకవర్గాల్లో పెట్టుబడిదారులతో పాటు ఆటగాళ్లకూ చోటు, రిజర్వ్ నియమం లేదు. పేరున్న వాళ్లలో ఎక్కువమంది అటే నడిచారు. వార్డ్‌ను ఆపాలని పాత యజమానులు కోర్టుకు వెళ్తే న్యాయమూర్తి ఒప్పుకోలేదు.

ఆ ఏడాది ఒక సంఘటనను స్పాల్డింగ్ తర్వాత తానే రాసుకున్నాడు. కెల్లీని హోటల్‌కు పిలిపించి బల్ల మీద పదివేల డాలర్ల చెక్కు పెట్టాడట. నీదే తీసుకో, మూడేళ్ల ఒప్పందం, జీతం ఎంతో నువ్వే రాసుకో, పాత లీగ్‌కు వచ్చేయి అన్నాడు. కెల్లీ కాసేపు తిరిగొస్తానని బయటకు వెళ్లాడు. గంటన్నర తర్వాత వచ్చి కుదరదన్నాడు. పదివేలు వద్దా అంటే, ఎందుకు వద్దు, కావాలి, కానీ కుర్రాళ్లను వదిలి రాలేను అన్నాడు. స్పాల్డింగ్ నిర్ఘాంతపోయి, చేయి కలిపి, 500 డాలర్లు అప్పు కావాలంటే ఇచ్చి పంపాడు. కెల్లీ తాగుడు గురించి, అప్పుల గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది. నేను మాత్రం ఆ గంటన్నర గురించే ఆలోచిస్తాను.

లీగ్ నిలవలేదు. ఆటలు చూడటానికి జనం వీళ్ల దగ్గరికే ఎక్కువగా వచ్చినా, రెండు వైపులా నష్టాలే. ఏడాది తిరగకుండా ఆటగాళ్ల వెనక డబ్బు పెట్టినవాళ్లు స్పాల్డింగ్ వాళ్లతో రాజీ కుదుర్చుకున్నారు. ఆటగాళ్లు పాత జట్లకే, పాత నియమానికే వెళ్లారు. కెల్లీ 1894లో న్యుమోనియాతో 36 ఏళ్లకే పోయాడు. వార్డ్ వకీలయ్యాడు, 1911లో బోస్టన్ జట్టులో వాటా కొని అధ్యక్షుడూ అయ్యాడు. రిజర్వ్ నియమం నడుం విరగడానికి 1975 దాకా పట్టింది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉత్తరం ముగిస్తే నేను వార్డ్‌ను దేవుణ్ని చేసినట్టవుతుంది. సొత్తా, మనిషా అని అడిగిన ఆ ఆటగాళ్ల లీగ్‌లో నల్లవాడు ఒక్కడూ లేడు. ఉండగలిగినవాళ్లు ఉన్నారు. మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్, ఒహాయో మనిషి, ఓబర్లిన్‌లో చదివినవాడు, టొలీడో జట్టు క్యాచర్. 1883లో షికాగో జట్టు ప్రదర్శన ఆటకు వచ్చి, దాని కెప్టెన్ ఆన్సన్, ఆ నల్లవాడుంటే మేం ఆడం అన్నాడు. ఆ రోజు వాకర్ చేతికి దెబ్బ తగిలి ఎలాగూ ఆడేవాడు కాదు. ఒళ్లు మండిన టొలీడో మేనేజరు కావాలనే అతణ్ని దింపాడు, ఆడకపోతే టిక్కెట్ల డబ్బులో మీ వాటా గోవింద అన్నాడు. ఆన్సన్ నోరు మూసుకుని ఆడాడు. 1884లో టొలీడో పెద్ద లీగ్‌లోకి వచ్చింది, వాకర్ 42 ఆటలాడాడు. అతని సైగలు ఖాతరు చేయకుండా ఇష్టమొచ్చినట్టు విసిరేవాణ్నని సొంత జట్టు పిచర్ టోనీ మలేన్ తర్వాత ఒప్పుకున్నాడు. తాను చూసిన క్యాచర్లలో అతనే మేటి అని కూడా ఆ నోటితోనే అన్నాడు. ఏ బంతి ఎటు వస్తుందో తెలియకుండా పట్టడం అంటే ఏమిటో బుజ్జికి తెలుస్తుంది.

1887 జూలై 14న ఆన్సన్ మళ్లీ మొండికేశాడు, ఈసారి నెగ్గాడు. అదే రోజు ఇంటర్నేషనల్ లీగ్ అనే చిన్న లీగ్ యజమానులు ఇకపై నల్లవాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని ఓటేశారు. 1889 తర్వాత వాకర్‌కూ చోటు లేకపోయింది. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు వచ్చేదాకా పెద్ద లీగ్‌ల తలుపు మూసే ఉంది.

బుజ్జీ, మీ ఒహాయో రాష్ట్రం 2017లో చట్టం చేసి, అక్టోబరు 7ను వాకర్ పేరిట రోజుగా ప్రకటించింది. మీ బడిలో ఆ రోజు ఏమైనా చేస్తారా? కనుక్కుని రాయి. నానీ, నీకింకా ఏమైనా అడగాలనుంటే ఫోనులో కాకుండా ఉత్తరంలో అడుగు, తెలుగులో.

ఆశీస్సులతో,
మీ తాతయ్య