విండోస్ పోలేదు, మెనూలోంచి పేరు పోయింది

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కంప్యూటర్ షాపుల్లో పాత తగవు మళ్లీ లేచింది. విండోస్‌తో పాటు అదే సిస్టమ్‌లో ఉన్న లినక్స్‌ను రీ-ఇన్‌స్టాల్ చేసి సిస్టమ్ ఆన్ చేస్తే గ్రబ్ మెనూలో, అంటే ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లేవాలో ఎంచుకునే జాబితాలో, డెబియన్ అనే లినక్స్ పేరు, దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ కనిపిస్తున్నాయి. విండోస్ జాడ లేదు. ‘ఎగిరిపోయింది, డిస్కంతా ఫార్మాట్ కొట్టాల్సిందే’ అంటాడు షాపతను. ‘విండోస్ ఉన్న పార్టిషన్‌ను (డిస్కులోని భాగాన్ని) మేం ముట్టుకోనేలేదు కదండీ’ అంటారు సిస్టమ్ తెచ్చినవాళ్లు.

తెలుగు శుభలేఖలు వేసే డీటీపీవాళ్లకు ఇది మామూలు టెన్షన్ కాదు. ‘అను’ తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ విండోస్‌లోనే నడుస్తాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత సిస్టమ్‌లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అందుకే నెట్ పనికి లినక్స్, శుభలేఖలకు విండోస్ అని రెండూ ఒకే డిస్కులో పెట్టుకుంటున్నారు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

దాని కథ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. ఈ తగవు పుట్టింది 2021 జూన్‌లో, గ్రబ్ 2.06 విడుదలతో. అప్పటిదాకా మెనూ తయారయ్యేటప్పుడు ఓఎస్-ప్రోబర్ అనే చిన్న ప్రోగ్రామ్ డిస్కులోని పార్టిషన్లన్నీ వెతికి, దొరికిన ప్రతి ఓఎస్‌నూ మెనూలో చేర్చేది. ఈ వెతుకులాట రూట్ అధికారంతో, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో జరుగుతుంది. ఏదో పార్టిషన్‌లో కావాలని చెడగొట్టిన డేటా ఉంటే ప్రమాదమని, గ్రబ్ తయారీదారులు దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. భద్రత కోణంలో వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ సంగతి చెప్పేది టెర్మినల్‌లో ఒక్క వార్నింగ్ లైను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని ఎవరు చదువుతారు?

ఆ తర్వాత ఒక్కో లినక్స్ ఒక్కో దారి పట్టింది. డెబియన్ 2023 నాటి 12వ వెర్షన్ విడుదల పత్రంలో ఈ మార్పును ప్రస్తావించింది. మింట్ అనే మరో లినక్స్ మాత్రం 2022లోనే 21వ వెర్షన్‌లో ఓఎస్-ప్రోబర్‌ను తిరిగి ఆన్ చేసింది. పక్కింటాయన మెనూలో విండోస్ ఉండి మన మెనూలో లేకపోవడానికి కారణం చాలాసార్లు ఇంతే.

మరి నింద విండోస్ మీదికి ఎందుకు పోతోంది? 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ డ్యూయల్ బూట్ సిస్టమ్‌లను ముట్టుకోదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అయినా చాలా వాటిలో లినక్స్ లేవకుండా చేసింది. దానికి పూర్తి పరిష్కారం 2025 మేలో గానీ రాలేదు. జనం మనసులో అదే ఉండిపోయింది. కానీ అక్కడ లేవనిది లినక్స్. ఇప్పుడు కనిపించనిది విండోస్.

విండోస్ నిజంగా పోయిందో లేదో తేల్చడం తేలిక. సిస్టమ్ ఆన్ కాగానే ఎఫ్12 గానీ, కంపెనీని బట్టి ఎఫ్9, ఎస్కేప్ లాంటి మరో కీ గానీ నొక్కి బూట్ మెనూ తెరవాలి. అందులో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుంటే విండోస్ లేచిందనుకోండి, ఫార్మాట్ మాటే అక్కర్లేదు. లినక్స్‌లోకి వెళ్లి /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో ‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్’ అనే లైను ఉంచి, సుడో అప్‌డేట్-గ్రబ్ నడిపితే చాలు. ‘ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్’ అని తెరమీద పడుతుంది, ఎంట్రీ తిరిగొస్తుంది. ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ లేకపోతే ముందు అది వేసుకోవాలి.

షాపువాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. రీ-ఇన్‌స్టాల్‌లో ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే విండోస్ నిజంగానే పోతుంది. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి, బూట్ మెనూలోంచి కూడా లేవదు. ఈ రెండోదానికి కూడా డిస్కంతా తుడవక్కర్లేదు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్ అనే కమాండ్ నడిపితే ఆ ఫైళ్లు మళ్లీ వస్తాయి. శుభలేఖల ఫైళ్లున్న డీ డ్రైవ్ జోలికి ఆ కమాండ్ పోదు.