కొండ దిగని లడ్డూలు

డిసెంబరులో ఓ ఆదివారం, ఇంకా మసక చీకటి ఉండగానే సీతానగరం వైపు నుంచి కృష్ణలోకి దిగాం, నేనూ మా మేనకోడలూ. ప్రకాశం బ్యారేజీకి దిగువన ఆ రోజుల్లో నీళ్లు పాయలుగా చీలిపోయి ఉంటాయి. మధ్యలో ఇసుక మేటలు, వాటి మీద రెల్లు దుబ్బులు. గాలికి అడ్డే లేదు. చలి ఎంతనుకున్నారు, పదిహేడో పద్దెనిమిదో డిగ్రీలు! బెజవాడ వాళ్లకి అదే హిమాలయం.

మమ్మల్ని చూసి తీతువు గోల మొదలెట్టింది. "తీతువు కూస్తే కీడంట కదా మావయ్యా, అమ్మమ్మ చెప్పింది" అంది పిల్ల. మనిషి అలికిడైతే అరవడం దాని నైజం. చీకటి పడ్డాక ఊరి బయట నలుగురు నడిచినా అరుస్తుంది. శవాన్ని మోసుకెళ్లేదీ ఊరి బయటికే. అపవాదు అక్కడే అంటుకుందని నా అనుమానం.

పాయలో బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ ఒకటి నిలబడి ఉంది. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, పుల్లల్లాంటి గులాబీ రంగు కాళ్లు. ఒక కాలు పొట్ట కింద ఈకల్లో దాచేసింది. రెండోది నీళ్లలో. బైనాక్యులర్లో చూస్తే ఆ కాలి మీద ఒక్క ఈక లేదు. "దానికి చలెయ్యదా?" అని అడిగింది పిల్ల. ఈ వ్యాసం ఆ ప్రశ్న పుణ్యమే.

స్కాట్లాండు గాలి బీళ్లలో తిరిగే రెడ్ గ్రౌస్ అనే పిట్టకి వేళ్ల దాకా ఈకలుంటాయి. దాని శాస్త్రీయ నామంలోని 'లాగోపస్' అంటే కుందేలు పాదం. నీళ్లలో నిలబడి తినే పిట్టకి ఆ మేజోళ్లు పనికిరావు. నీరేమో గాలికన్నా సుమారు 25 రెట్లు చురుగ్గా వేడిని లాగేస్తుంది. పిట్ట ఒళ్లు 40 డిగ్రీలు. బడిలో "పక్షులు ఉష్ణరక్త జీవులు" అని రాయించి మార్కులేసి వదిలేస్తారు, అసలు కథ కాలి దగ్గర మొదలవుతుంటే.

ఎదురుగా ఇంద్రకీలాద్రి కనిపిస్తోంది కదా, జవాబు చెప్పడానికి దాన్నే వాడుకున్నాను. కొండ పిట్ట ఒళ్లు, కింద ఊరు పాదం, మెట్ల దారి కాలు, నడిచే మనుషులు రక్తం, లడ్డూ అంటే వేడి. దర్శనం చేసుకుని దిగేవాళ్ల చేతుల్లో తలా పది లడ్డూలు. ఎక్కేవాళ్లవి ఖాళీ చేతులు. నియమం ఒక్కటే: పక్కవాడి దగ్గర తక్కువుంటే ఇవ్వాలి. రెండు వరుసలూ ఒకే దిక్కుకి నడిస్తే పంచుకుని పంచుకుని ఐదూ ఐదూ అయ్యేసరికి ఇక ఇచ్చేది లేదు. సగం వేడి ఊరి పాలు. వరుసలు ఎదురెదురుగా నడిస్తే? పైమెట్టు మీద దిగేవాడి దగ్గర పది, ఎదురొచ్చేవాడి దగ్గర తొమ్మిది. నడిమెట్టు మీద ఐదూ, నాలుగూ. అడుగుమెట్టు మీద ఒకటీ, సున్నా. ఏ మెట్టు మీద చూసినా దిగేవాడి దగ్గర ఒకటి ఎక్కువే, కాబట్టి ఇవ్వడం ఎక్కడా ఆగదు. పదిలో తొమ్మిది లడ్డూలు తిరిగి కొండెక్కేస్తాయి. మనుషులు మాత్రం అందరూ ఊళ్లోకి చేరతారు! రక్తం పాదానికి అందుతుంది, ఆక్సిజన్ అందుతుంది, వేడి అందదు. పాదం దాదాపు నీళ్లంత చల్లగా ఉంటుంది. చల్లటి పాదం నుంచి నీళ్లు లాక్కునేదేముంది?

దీన్ని ప్రతిప్రవాహ వినిమయం అంటారు. నీటి పిట్టల కాళ్ల పైభాగంలో ధమనులూ సిరలూ జడలా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లికకి 'అద్భుత జాలం' అన్న అర్థంలో లాటిన్ పేరుంది, రీటే మిరాబిలే. కాలిని కదిపే కండలు ఒంటికి దగ్గరగా, ఈకల కిందే ఉంటాయి. కింద మిగిలేది చాలావరకు ఎముకా, స్నాయువులూ. వాటికి చల్లదనం ఫరవాలేదు. వెనక్కి మడిచినట్టు కనిపించే ఆ 'మోకాలు' నిజానికి చీలమండ. ఇక ఒంటికాలి కొంగ జపం సంగతి. రెండు మెట్ల దారుల్లో ఒకటి మూసేస్తే కారిపోయే లడ్డూలు సగమే.

"మరి ఎండాకాలం?" అంది. భలే ప్రశ్న! తిరిగొచ్చే రక్తం అల్లికలోంచి రాకుండా చర్మం కిందున్న పక్క సిరల్లోంచి వస్తుంది. అంటే ఎక్కేవాళ్లు మెట్లు మానేసి ఘాట్ రోడ్డు పట్టారన్నమాట. దిగేవాళ్లకి ఎదురొచ్చేవాడే లేడు, లడ్డూలన్నీ ఊళ్లోకి. ఒంట్లో ఎక్కువైన వేడిని కాళ్లలోంచి వదిలేస్తుంది.

నీటి అంచున పిచ్చుకంత లిటిల్ స్టింట్లు బురద పొడుస్తూ పరుగెడుతున్నాయి. ఒక్కోటి ముప్పై గ్రాములు కూడా తూగదు. అవి గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలో. మన చలి వాటికి ఓ లెక్కా!

ఇదే ఏర్పాటు కొంత మన చేతుల్లోనూ ఉంది. లోపలి సిరలు ధమనుల్ని అంటిపెట్టుకుని నడుస్తాయి, పైకి కనిపించేవి ఘాట్ రోడ్డు. పిల్ల గ్లౌజు తీసి చెయ్యి తిప్పి చూసుకుంది. సిరలేవీ కనిపించలేదు. నా చెయ్యి లాగి చూసింది. మే నెలలో తాళ్లలా ఉబ్బి ఉండే నీలి గీతలు ఆ పొద్దున నా చేతి మీదా వెతుక్కుంటే గానీ దొరకలేదు.