బొటనవేలు వేరు, వెన్ను వేరు

మన ఫాస్ట్ బౌలర్ బుమ్రా గాయపడ్డాడని వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. "ఆ యాక్షన్‌తో బౌలింగ్ చేస్తే ఇంతే మరి" అని కొందరు, "పాపం, దిష్టి తగిలింది" అని కొందరు. రెండు మాటల్లోనూ ఒకటే లోపం ఉంది: గాయాలన్నిటినీ కలిపి ఒకే మూట కట్టేస్తున్నారు.

ఆ మూట విప్పి చూడండి. 2018 జూన్‌లో ఐర్లాండ్‌తో టీ20లో ఎడమచేతి బొటనవేలు విరిగింది. 2019 సెప్టెంబర్‌లో వెన్నెముక కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) బయటపడింది. 2021 జనవరిలో పొత్తికడుపు కండరం పట్టేసి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. 2022లో మళ్లీ వెన్ను, దాంతో టీ20 ప్రపంచకప్ పోయింది, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ జరిగింది. 2025 జనవరిలో సిడ్నీలో మళ్లీ వెన్ను, ఈసారి ఛాంపియన్స్ ట్రోఫీ పోయింది.

ఇందులో బొటనవేలిని ముందే పక్కన పెట్టేయొచ్చు, వేలికి తగిలిన దెబ్బ వెన్నుదాకా వెళ్లే దారేదీ లేదు. యాదృచ్ఛికం అంటే అది. అసలు యాదృచ్ఛికం మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ పని చేస్తుంది. వంద మంది ఆటగాళ్లు ఉన్నారనుకోండి, ఏ సీజన్‌లోనైనా ఒక్కొక్కరూ గాయపడే అవకాశం సరిగ్గా 20 శాతం, ఒక గాయానికీ ఇంకో గాయానికీ ఏ సంబంధమూ లేదు. అయినా సరే, ఐదు సీజన్లు గడిచేసరికి వాళ్లలో సుమారు ఆరుగురు మూడు లేదా అంతకంటే ఎక్కువ సీజన్లలో గాయపడి ఉంటారు. ఆ ఆరుగురికే "ఎప్పుడూ గాయాలే" అనే పేరు పడుతుంది, మిగతా 94 మంది గురించి ఎవరూ మాట్లాడరు.

కానీ వెన్ను సంగతి అలా కొట్టిపారేసేది కాదు, ఎందుకంటే చోటు ఒకటే, భారం ఒకటే. ఫాస్ట్ బౌలర్ ముందుకాలు నేలను తాకేటప్పుడు శరీర బరువుకు ఐదు రెట్లు దాటే బలం పైకి తగులుతుంది, సరిగ్గా అదే క్షణంలో నడుము వెనక్కి, పక్కకి వంగి, మెలి తిరుగుతూ ఉంటుంది. కుడిచేతి బౌలర్లకు ఈ పగుళ్లు ఎక్కువగా వెన్నెముక కింది పూసల్లో, ఎడమవైపు వస్తాయి. భారం పెరిగితే ఎముక బలపడుతుంది, నిజమే, కానీ వెంటనే కాదు: ముందు దెబ్బతిన్న పాత ఎముకను తొలగించుకుంటుంది, ఆ ఖాళీని కొత్త ఎముకతో పూడ్చి గట్టిపరచడానికి నెలలు పడుతుంది, ఆ మధ్యకాలంలో అది మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. నాలుగు ఓవర్ల టీ20లకు అలవాటుపడ్డ ఒంటిమీద ఒక్కసారిగా టెస్టుల భారం వేస్తే జరిగేది అదే. 2024-25 ఆస్ట్రేలియా సిరీస్‌లో బుమ్రా 150కి పైగా ఓవర్లు వేసి 32 వికెట్లు తీశాడు, వెన్ను పట్టేసింది ఆఖరి టెస్టులో.

పాత గాయం ఉన్నవాళ్లకే కొత్త గాయం ఎక్కువగా వస్తుందని క్రీడా వైద్యంలో పదేపదే తేలింది. అయితే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటి గాయం ఆ చోటును బలహీనపరిచి ఉండొచ్చు, లేదా మొదటి గాయానికి కారణమైన యాక్షనో, షెడ్యూలో ఇంకా అలాగే ఉండి ఉండొచ్చు. రెండోదైతే సర్జరీ ఎంత బాగా చేసినా సరిపోదు, ఓవర్లు తగ్గించాల్సిందే.

పొత్తికడుపు గాయం బొటనవేలికీ వెన్నుకీ మధ్యలో ఉంటుంది. నడుమును కాపాడే కండరాల్లో అదీ ఒకటి కాబట్టి సంబంధం ఉండొచ్చు, కానీ ఒక్క మనిషి చరిత్ర చూసి దాన్ని రుజువు చేయలేం.

2025 ఇంగ్లండ్ టూర్‌లో ఐదింటిలో మూడు టెస్టులే బుమ్రా ఆడతాడని ముందే ప్రకటించారు, ఆ మూడింటిలో 14 వికెట్లు తీశాడు. మన సిరాజ్ ఐదూ ఆడి 23 తీశాడు. అది చూసి బుమ్రాకు ఓపిక లేదన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పటికే ఒకసారి సర్జరీ అయిన వెన్నుతో మూడు టెస్టులు ఆడినవాణ్ణి అలా అనడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది.